ఊ అనడానికి ఇంకో మాట

దుప్పట్ల స్టోరు,
ఆసుపత్రి బేస్‌మెంటు

పిన్నీ,

ఫోన్లో నేను ఊ తప్ప ఇంకేమీ అనడం లేదని, ఉత్తరమైతే రెండు వాక్యాలైనా రాయక చస్తానా అని నువ్వు వేసిన శిక్ష ఇది. రాస్తున్నా. నేను బాగానే ఉన్నా. బాబాయ్ బాగానే ఉన్నాడు. రోజూ మధ్యాహ్నం నేను ఆయన లాండ్రీ సెక్షన్‌కి వెళ్తే ఇద్దరం ఒకే క్యారేజీలో తింటున్నాం. రెండు వాక్యాల కంటే ఎక్కువే అయ్యాయి.

ఇంగ్లీషు టీచరువి కదా, నీతో ఒక పని పడింది. నాకో ఇంగ్లీషు మాట కావాలి.

స్టోరుకి నన్ను ఇన్‌ఛార్జిని చేశాక ఫైళ్ళు నా దగ్గరికి కూడా వస్తున్నాయి. మా ఆసుపత్రి సంగతి నీకు తెలుసుగా, ఏ నిర్ణయమైనా ఫైలై సెక్షన్ పెద్దలందరి దగ్గరికీ తిరగాలి. పని ఎవరిదైతే వాళ్ళు మొదట రాయాలి. తర్వాత సీనియర్ల నుంచి జూనియర్ల దాకా ఒక్కొక్కరూ ఒక్కో వాక్యం, సొంత దస్తూరీతో. ఇదివరకు అందరూ 'అగ్రీడ్' అని గిలికి పంపేవాళ్ళట. డైరెక్టరు గారికి ఒళ్ళు మండి, "చదివి రాస్తున్నారా, పక్కవాడి పలక చూసి రాస్తున్నారా?" అని అందరినీ నిలబెట్టి కడిగేశారట. అప్పటినుంచి ఒకరు రాసిన మాట ఇంకొకరు రాయకూడదు. చదవడం మాత్రం ఎవరూ మొదలుపెట్టలేదు. మొదటివాళ్ళు ఏం రాశారో చూస్తారు, దానికే ఇంకో మాట వెతుక్కుంటారు.

ఇప్పుడొచ్చింది గేటు దగ్గర బండ్ల షెడ్డు ఫైలు. 'అగ్రీడ్' ఎప్పుడూ బాబాయ్‌దే, ఆయనకి అదొక్కటే వచ్చని మిగతావాళ్ళు దాని జోలికి పోరు. అకౌంట్స్ ఆయన 'అప్రూవ్' రాశాడు. హెడ్ నర్సు 'సపోర్ట్', ఇంజనీరు 'కంకర్', వంటశాల ఆవిడ 'యాక్సెప్ట్'. నేను చిట్టచివర. నా విస్తరి దగ్గరికి వచ్చేసరికి గిన్నె ఖాళీ. షెడ్డు వేస్తే నాకేంటి, వేయకపోతే నాకేంటి. కానీ ఏదో ఒకటి రాయాలి కదా. పంపు.

పిల్లాడు రాత్రిళ్ళు నిద్రపోతున్నాడా? చెల్లిని అడిగానని చెప్పు.

నీ
పిడుగు


అమ్మాయి ఇల్లు,
వంటింటి బల్ల

ఒసే పిడుగూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. 'బాగానే' అన్న మాట తీసేస్తే అందులో మిగిలింది షెడ్డు ఒక్కటే. పోనీలే, ఊ కంటే నయం.

పిల్లాడు రాత్రి నిద్రపోతున్నాడా అని అడిగావు. వాడు నిద్రపోతున్నాడు, మేం కాదు. వాడు ఎందుకు ఏడవడం లేదా అని లేచి చూస్తున్నాం.

సరే, పాఠం విను. ఈ మాటలన్నిటికీ అర్థం ఒకటేనని నిఘంటువు అంటుంది. దాని మాట నమ్మితే నట్టేట మునుగుతావు. 'అగ్రీ' అంటే బుర్ర ఒప్పుకుంది, అంతే, కాళ్ళూ చేతులూ ఇంకా ఖాళీయే. 'అప్రూవ్' పైనున్నవాడు కిందున్నవాడికి ఇచ్చేది. మీ అకౌంట్స్ ఆయన అది రాశాడంటే తనే డైరెక్టరు అనుకుంటున్నాడు, పాపం ఎవరూ చెప్పలేదేమో. 'యాక్సెప్ట్' అంటే చేసేదేం లేక చెయ్యి చాచడం. 'కంకర్' అంటే కోటు తొడిగిన 'అగ్రీ'. 'సపోర్ట్' మంచి మాట, అందులో నీ భుజం ఉంటుంది, బరువు పడితే నీ మీదా పడుతుంది. షెడ్డు కోసం భుజాలు అరగదీసుకోనక్కర్లేదు. 'ఇన్ ఫేవర్' అని రాయి. కొంచెం అటు మొగ్గానంటే చాలు.

ఇప్పుడు నా మాట. నీకు ఏదీ అనిపించడం లేదా, లేక అనిపించినా చెప్పడం లేదా? మీ ఆయన విడిపోదామన్నప్పుడు నీ పక్కనే కూర్చున్నాను. టీ ఇంకొంచెం పోయనా అంటే అన్నట్టు, ఊ అన్నావు. మౌనం అర్ధాంగీకారం అంటారు, నీ ఊ పూర్తి అంగీకారం అయిపోయింది. ఆ పూట నిన్ను ఏమైనా అని ఉండాల్సింది. నిన్ను పిడుగు అని ఎందుకు పిలిచేవాళ్ళమో నువ్వే మర్చిపోయావు.

మీ బాబాయ్ టైముకి తింటున్నాడన్న మాట నిజమేనా?

పిన్ని


లాండ్రీ నుంచి,
ఇస్త్రీ అయిన దుప్పట్ల ట్రాలీలో

పిడుగూ,

ఈ ట్రాలీ విప్పేది నువ్వే కాబట్టి చీటీ పై మడతలో పెట్టాను. ఎదురుగా కూర్చుని తింటూ చెబుదామనుకున్నా, క్యారేజీ కడగడానికి లేచిపోయా.

లాండ్రీ మూసేస్తారట. బట్టలు బయట కాంట్రాక్టరుకి ఇస్తారు. మా అందర్నీ ఇంటికి పంపుతారు. మా సెక్షన్ సంగతి కాబట్టి ఫైలు ముందు నాకే వచ్చింది. అగ్రీడ్ అని రాసి సంతకం పెట్టాను. పెట్టాక చదివాను. చెయ్యికి అలవాటైపోయింది, అదే రాసేసింది. ఇప్పుడు చెరిపితే బాగోదు.

మీ పిన్నికి చెప్పకు. పసివాడితో ఉంది, తెలిస్తే అక్కడొక్క క్షణం నిలవదు. పిల్లాడు మెడ నిలబెట్టాక నేనే చెబుతా.

ఫైలు చివర్లో నీ దగ్గరికి వస్తుంది. అందరూ ఏం రాస్తే నువ్వూ అదే దారిలో రాసి పంపెయ్. నా కోసం ఎవరితోనూ తగువు పెట్టుకోకు. నువ్వు ఇప్పుడిప్పుడే కుదురుకుంటున్నావు.

అడుగున ఉన్న దుప్పటి అంచు చిరిగింది. పిల్లల వార్డుకి పంపకు, వేళ్ళు ఇరుక్కుంటాయి.

బాబాయ్


దుప్పట్ల స్టోరు

పిన్నీ,

షెడ్డుకి నువ్వు చెప్పినట్టే రాశాను. వేసేశారు. కింద రెండు కుక్కలు పడుకుంటున్నాయి.

ఇంకో ఫైలు వచ్చింది. ఒక పాత సెక్షన్ ఏర్పాట్లు మారుస్తున్నారు. వివరాలు రాస్తే నీకు విసుగు. దీనికి 'ఇన్ ఫేవర్' కూడా పోయింది, నా దగ్గర చూసిన మాటే వంటశాల ఆవిడ రాసేసింది. అందరూ చిన్న చిన్న మాటలు ఏరుకున్నారు ఈసారి. ఇంజనీరు అయితే 'నో అబ్జెక్షన్' అని రాసి ఫైలు అంచు కూడా ముట్టుకోనట్టు పంపేశాడు. నాకు మిగిలినవేమిటో తెలియడం లేదు. గట్టి మాటైనా ఫర్వాలేదు. తొందరగా పంపు, నా బల్ల మీద ఉండటం నాకు ఇష్టం లేదు.

ఏదైనా అనిపిస్తోందా అని అడిగావు. నిన్న పొద్దున ట్రాలీ వచ్చినప్పుడు పైన దుప్పటి ఇంకా వేడిగా ఉంది. చెంపకి ఆనించుకున్నా. వేడిగా ఉందని తెలిసింది. అంతే పిన్నీ. అది దాటి లోపలికి ఏమీ వెళ్ళలేదు. ఏడిస్తే నువ్వు ఊరుకోబెడతావు, కోపం వస్తే సర్దిచెబుతావు. ఇది ఏదీ కాదు, దీన్ని నీకెలా చెప్పాలో తెలియక ఊ అంటున్నా.

బాబాయ్ బాగానే ఉన్నాడు. మిషన్లన్నిటికీ నూనె వేస్తున్నాడు.

నీ
పిడుగు


అమ్మాయి ఇల్లు,
బాల్కనీలో, పిల్లాడి గుడ్డలు ఆరేస్తూ

పిడుగూ,

అమ్మయ్య! ఇన్నాళ్ళకి నా పిడుగు ఒక పేరా నిండా మాట్లాడింది. చెంపకి వేడి తగిలిందన్నావు కదా, అది చాలు. చర్మం దాకా వచ్చింది, లోపలికి కూడా వస్తుంది. కంగారుపడకు.

గట్టి మాట కావాలన్నావు. నువ్వు గట్టి మాట అడగడం నాకెంత సంతోషంగా ఉందో తెలుసా? మీ చెల్లికి చదివి వినిపించాను. "అక్కకి ఏదో నచ్చినట్టుందమ్మా" అంది. ఇదిగో, నా పెట్టెలో అట్టడుగున దాచుకున్నది తీసి ఇస్తున్నా: 'ఐ హోల్‌హార్టెడ్లీ ఎండార్స్ దిస్'. 'ఎండార్స్' అంటే కాగితం మీద కాదు, ఆ పని వెనక నువ్వే నిలబడటం. రేపు ఎవడైనా రాయి విసిరితే ముందు నీకు తగలాలి. దానికి 'హోల్‌హార్టెడ్లీ' కూడా తగిలించావంటే మనసులో ఒక్క మూల కూడా మిగుల్చుకోలేదని. నేను ఇన్నేళ్ళలో పిల్లల కోసం బోలెడు సర్టిఫికెట్లు రాశాను, ఈ మాట ఇద్దరికో ముగ్గురికో ఇచ్చానంతే. నువ్వు నమ్మిన పని అయితేనే రాయి. కాకపోతే చిన్నది ఇంకోటి వెతుకుదాం, అడుగు.

ఇంకొక్కటి. మీ బాబాయ్ ఫోన్లో తెగ మాట్లాడుతున్నాడు. వాతావరణం గురించి చెబుతాడు, పక్కింటివాళ్ళ బండి గురించి చెబుతాడు. పెళ్ళైనప్పటినుంచి ఆ మనిషి నాతో వాతావరణం గురించి మాట్లాడలేదు. ఏదో దాస్తున్నాడు. కనుక్కుని రాయి.

పిన్ని


దుప్పట్ల స్టోరు

పిన్నీ,

ఈ ఉత్తరం అందేలోపు బాబాయ్ నీకు చెప్పేసి ఉంటాడు. ఇంక దాచి లాభం లేదని నిన్న మేమిద్దరం అనుకున్నాం.

ఆ పాత సెక్షన్ లాండ్రీ. బాబాయ్ లాండ్రీయే. మూసేస్తున్నారు.

నీ మాట రాశాను. చిన్నది అడగమన్నావు, అడగాలనిపించలేదు. ఎదురుగా ఉంది, చూసి రాసేశాను. ఏ మాట రాసినా ఒకటేగా అనుకున్నా. సాయంత్రానికి డైరెక్టరు గారు పిలిచారు. కుర్చీ చూపించారు. "ఇంతమందిలో మనసు పెట్టి రాసింది నువ్వొక్కదానివేనమ్మా. మిగతావాళ్ళంతా గోడ మీద పిల్లులు" అన్నారు. లాండ్రీ మూసే పని మొత్తం నాకు అప్పజెప్పారు. ఊ అన్నాను.

నోటీసులు నేనే పంచాను. ఇస్త్రీ మిషన్ల ఆవిరిలో కాగితాలు మెత్తబడిపోయాయి. అక్కడి ఆడవాళ్ళు చేతిలో పట్టుకుని, "ఏముందమ్మా ఇందులో, చదివి పెట్టు" అన్నారు. చదివాను. ఒకావిడ "మంచి వార్తేమో అనుకున్నా, నువ్వు తెచ్చావని" అంది. బాబాయ్‌కి కూడా నేనే ఇచ్చాను. తడి చేతులు చొక్కాకి తుడుచుకుని రెండు చేతులతో తీసుకున్నాడు. చదవలేదు. మడిచి జేబులో పెట్టుకుని, "భోంచేశావా?" అన్నాడు.

ఆ రోజు కూడా ఒకే క్యారేజీలో తిన్నాం.

నాకు ఏడుపు రాలేదు పిన్నీ. రావాలి కదా?

పిడుగు


అమ్మాయి ఇల్లు

స్టోర్ ఇన్‌ఛార్జి గారికి,

మీ బాబాయ్ చెప్పాడు. చెప్పి, "దాన్ని ఏమీ అనకు" అన్నాడు. నేను అంటాను. ఆయన అనడు కాబట్టి ఎవరో ఒకరు అనాలి.

నా నోట్లోంచి మాట తీసుకెళ్ళి నా మొగుడి పని మీద పెట్టావు. అట్టడుగున దాచుకున్న మాట అని చెప్పి మరీ ఇచ్చాను. నమ్మితేనే రాయమన్నాను. నాకు విసుగొస్తుందని వివరాలు రాయలేదా? ఎంత శ్రద్ధే నీకు నా మీద!

ఆయన తల ఆ ఆవిరిలోనే నెరిసింది. రోగి ఎవరో ఆయనకి తెలియదు, వాళ్ళ పక్క మీద ముడత ఉండకూడదని రెండోసారి ఇస్త్రీ చేయిస్తాడు. ఇంట్లో నా చీర ఒక్కటి మడత పెట్టి ఎరగడు కానీ, అక్కడ ఆయన మడత చూస్తే దండం పెట్టాలి. అలాంటి మనిషి చేతికి ఆ కాగితం నువ్వు ఇచ్చావు. ఆయన 'అగ్రీడ్' అన్నాడు, నువ్వు 'ఎండార్స్' అన్నావు, ఇద్దరికీ గురువు నేనే. మంచి శిష్యులు దొరికారు. కూర్చుని ఏడుద్దామనుకున్నా. పిల్లాడు లేచాడు.

వాణ్ణి ఎత్తుకుని తిరుగుతూ నీ ఉత్తరాలన్నీ మళ్ళీ గుర్తు చేసుకున్నా. నన్ను ఎన్ని మాటలు అడిగావే! అన్నీ ఊ అనడానికే. ఊహూ అనడానికి ఒక్కటి అడగలేదు.

అడిగినా పంపను. అది నీకు వచ్చు. మీ అమ్మ పోయి నువ్వు మా ఇంటికి వచ్చిన కొత్తలో నేను నీకు నేర్పిన మొట్టమొదటి ఇంగ్లీషు మాట అదే. ఇక చూడు! పాలు తాగవే అంటే నో. తల దువ్వుకుందాం రా అంటే నో. అన్నీ వద్దంటావు, మళ్ళీ అన్నీ చేసేదానివి. ఇంట్లో పడలేక మీ బాబాయ్ నిన్ను భుజానికెత్తుకుని లాండ్రీకి తీసుకెళ్తే, అప్పటి డైరెక్టరు వచ్చి "పిల్లలు ఇక్కడ ఉండకూడదు" అన్నాడట. నువ్వు దుప్పట్ల గుట్ట మీద లేచి నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని 'నో' అన్నావట. మిషన్లు ఆపి మరీ నవ్వారట అందరూ. పిడుగు అని పేరు పెట్టింది ఆ పూటే, పెట్టింది మీ బాబాయే.

ఏడుపు రావాలి కదా అని నన్ను అడుగుతున్నావు. నాకు తెలియదు. దాని సంగతి నువ్వే చూసుకో.

పిన్ని


లాండ్రీ,
ఇస్త్రీ మిషన్ల పక్క స్టూలు మీద

పిన్నీ,

నీ ఉత్తరం చదివి స్టోరులో తలుపు వేసుకుని కూర్చున్నా. ఏడుపు రాలేదు. కానీ పెద్ద దుప్పట్లు ఉంచే అర చూసి, నేను అంత ఎత్తు గుట్ట ఎలా ఎక్కానా అనుకున్నా.

ఇప్పుడు జరిగింది చెబుతా. నాకు చేతిరాత సరిగ్గా రావడం లేదు, ఏమీ అనుకోకు.

మూసే పని పూర్తి చేయడానికి ఆఖరి ఫైలు వచ్చింది. మిషన్లు పాత ఇనుముకి అమ్మి, మనుషుల్ని పంపించెయ్యడానికి. పని నాకు అప్పజెప్పారు కదా, అందుకని ఈసారి మొదట రాయాల్సింది నేను. మొదటి గడి ఖాళీగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడూ ఎవరో ఒకరి మాట ఉంటుంది పైన, దాన్ని పట్టుకుని దిగిపోతాం. చాలాసేపు చూశాను. తర్వాత 'నో' అని రాశాను. ఇంకేం రాయాలో తోచక కింద సంతకం పెట్టాను. అందరికంటే సీనియరు కాబట్టి ఫైలు బాబాయ్‌కి పంపాను. పంపేశాక ఉద్యోగం పోతుందని గుర్తొచ్చింది.

బాబాయ్ ఫైలు పట్టుకుని మెట్లన్నీ దిగి వచ్చాడు. "ఏంటే ఇది?" అన్నాడు. "నో" అన్నాను. ఆయన నా వంక చూసి, గోడకి ఆనుకుని, నవ్వడం మొదలుపెట్టాడు పిన్నీ. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. నాకు కూడా అప్పుడు వచ్చింది. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ఒక ఉతికిన దుప్పటి పాడు చేశాను.

అసలు సంగతి ఇప్పుడు విను. ఇక్కడ గాలి కంటే ఫైలు వార్త ముందు తిరుగుతుంది. మధ్యాహ్నం ఇంజనీరు ఫోన్ చేశాడు. నన్ను తిడతాడనుకున్నా. గొంతు తగ్గించి, "డైరెక్టరు గారి మనసు మారిందా అమ్మా? ఆయన మనిషివి నువ్వే అలా రాశావంటే మారే ఉంటుందిలే" అన్నాడు. నేను అవుననలేదు, కాదనలేదు. "సరే, నేనేం రాయను? 'నో' నువ్వు వాడేశావు, నాకేదైనా ఉందా?" అన్నాడు. తర్వాత హెడ్ నర్సు దిగి వచ్చింది. "నాకు మొదట్నుంచీ ఇష్టం లేదు, నీకు తెలుసుగా" అంది. నాకు తెలియదు. ఆవిడకీ ఒక మాట కావాలి. వంటశాల ఆవిడ అయితే "నేను జూనియర్ని, నా మాట పైవాళ్ళెవరూ ముందే వాడేయకుండా చూడు" అని చెప్పి ఉంచింది. అకౌంట్స్ ఆయన మాత్రం పైవాడు కిందవాడికి చెప్పే 'నో' ఏదైనా ఉందా అని కబురు పెట్టాడు.

ఈ గడులన్నీ నిండాక ఫైలు డైరెక్టరు గారి బల్ల మీదకి వెళుతుంది. అప్పుడేమవుతుందో నాకు తెలియదు. నన్ను మళ్ళీ పిలుస్తారు, ఈసారి కుర్చీ చూపించరు. నిజంగా భయంగా ఉంది. ఇది మాత్రం లోపలిదాకా వచ్చింది.

ఒక్కో బల్ల మీద ఫైలు ఎంతసేపు నిద్రపోతుందో నీకు తెలుసుగా, నీ జవాబు వచ్చేలోపు కదలదు. అప్పటిదాకా మిషన్లు నడుస్తాయి. ఇదిగో, నా పక్కనే నడుస్తున్నాయి.

ఊహూ అనడానికి ఉన్న మాటలన్నీ పంపు. ఒక్కొక్కరికీ వేరే మాట కావాలి. బాబాయ్‌కి మాత్రం తేలికది చూడు. నేను రాశాక తర్వాతి గడి ఆయనదే, కలం తెరిచి పట్టుకుని కూర్చున్నాడు.

నీ
పిడుగు